సూర్యుడికి వీపు చూపని తోకచుక్క

ఒకప్పుడు తోకచుక్కకు తోక లేదు.

తోక లేనిదాన్ని తోకచుక్క అని ఎలా పిలిచారని మీరు అడుగుతారు. నాకు తెలుసు. అసలు పిలిచేవాళ్ళుంటే కదా! అప్పటికి భూమ్మీద మనుషులు లేరు. చెట్లు లేవు, చేపలు లేవు, కాకి కూడా లేదు. కాకి లేని రోజులంటే ఎంత పాతవో మీరే ఊహించుకోండి.

ఆ రోజుల్లో ఆకాశం చివర ఒక ఊరు ఉండేది. శనిగ్రహం దాటి, ఇంకా దాటి, సూర్యుడు ఆవగింజంత కనిపించే చోట. ఊరి పేరు చలిపాలెం. అక్కడి చలి మన పుష్యమాసం చలి లాంటిది కాదు. అక్కడ పొయ్యి వెలిగిస్తే ముందు మంటే వణికేది.

ఆ ఊళ్ళో దొరికేవి రెండే. ఒకటి మంచు, రెండోది ఊక. ఊక ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా? సూర్యుణ్ణీ గ్రహాలనూ తయారుచేసినప్పుడు చెరిగి పారబోసిన పొట్టూ దుమ్మూ అంతా వెళ్ళి ఆ ఊరి శివార్లో కుప్పపడింది. అది బొగ్గుకన్నా నల్లగా ఉండేది.

చలిపాలెం వాళ్ళకు ఒక పని బాగా వచ్చు. మంచుగడ్డ చుట్టూ ఊక దట్టంగా పరిచి, పైన గోనె చుట్టి కట్టేస్తే, గడ్డ ఎంత దూరమైనా కరగకుండా వెళ్తుంది. మన ఐసు బండివాళ్ళు చేసేదీ అదే. వాళ్ళు ఎవరి దగ్గర నేర్చుకున్నారో నేను చెప్పలేను.

అంత చలిలో మంచు కరిగేదెక్కడ అని మీరనొచ్చు. కరగదు. అయినా కట్టేవాళ్ళు. పని వచ్చినవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోలేరు కదా.

ఆ ఊళ్ళో నూకాలు అనే ఆమెకు ఒక్కడే కొడుకు. పేరు తవిటయ్య. వాడికి ముందు పుట్టినవాళ్ళు ఒక్కరూ దక్కలేదు. అందుకని వాడు పుట్టగానే నూకాలు వాణ్ణి పక్కింటావిడ చేతిలో పెట్టేసింది. ఆ తర్వాత ఊకలోంచి జల్లించిన మెత్తటి తవుడు చేటెడు ఆవిడకిచ్చి, బిడ్డను తిరిగి తెచ్చుకుంది. ఇలా చేస్తే మృత్యువు వచ్చి చూసి, ‘ఓస్, తవుడుకు వచ్చిన బిడ్డా!’ అని వదిలేసి పోతుందని వాళ్ళ నమ్మకం. మృత్యువు ఏమనుకుందో నాకు తెలియదు. తవిటయ్య మాత్రం బతికాడు, బండలా పెరిగాడు.

దూరంగా మెరిసే ఆ ఆవగింజ ఏమిటన్న దానిమీద చలిపాలెం పెద్దలకు రకరకాల సిద్ధాంతాలుండేవి. ఆకాశం గోడకు చిల్లు పడిందని, అవతల గదిలో దీపం ఉందని ఒకాయన అనేవాడు. కాదు, అది ఒంటికన్ను పిల్లి కన్నని ఇంకొకాయన వాదించేవాడు. ఎవరూ దగ్గరికి వెళ్ళి చూడలేదు. అందుకని వాదనలో ఎవరూ ఓడిపోలేదు.

ఒకరోజు అటునుంచి ఒక రాయి దొర్లుకుంటూ వచ్చి, ఊకకుప్పకు గుద్దుకుని ఆగింది. దాని ఒళ్ళంతా కాలిన మచ్చలు. ఊరంతా చుట్టూ మూగింది.

“ఎక్కణ్ణుంచి వస్తన్నావు?” అని తవిటయ్య అడిగాడు.

“భూమి నుంచి,” అంది రాయి. “ఏదో పెద్ద బండ వచ్చి భూమిని గుద్దితే నేను ఎగిరి ఇంత దూరం పడ్డాను. నా సంగతి సరే, ముందు ఇది వినండి. భూమ్మీద నీళ్ళన్నీ ఆవిరైపోయాయి. ఒకే ఒక్క గుంట మిగిలింది. ఆ గుంటలో ఒక నాచుపిల్ల ఉంది. భూమికి పుట్టిన పిల్లల్లో బతికింది అదొక్కటే. ఆ గుంట కూడా ఎండుతోంది. ఎండితే పిల్ల పోతుంది.”

“అయ్యో పాపం!” అన్నారు పెద్దలు. అయ్యో పాపం అనడానికి నోరుంటే చాలు. అని, నాచు అంటే ఏమై ఉంటుందన్న దానిమీద కొత్త సిద్ధాంతాలు మొదలుపెట్టారు.

తవిటయ్య మాత్రం రాయి దగ్గరికి జరిగాడు.

“ముందు పుట్టినోల్లు ఎవులూ దక్కలేదా?”

“ఒక్కరూ దక్కలేదు.”

వాడి గుండె కలుక్కుమంది. వాడూ అలా మిగిలినవాడే కదా. తవుడిచ్చి తెచ్చుకుందామంటే ఆ భూమికి పక్కిల్లు కూడా లేదేమో అనుకున్నాడు.

“నానెల్లి మంచు ఇచ్చొస్తాను,” అన్నాడు.

రాయి దారి చెప్పింది. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఆకాశం చివరినుంచి ఎవరు జారినా నేరుగా సూర్యుడి వాకిట్లోకే వచ్చి పడతారు. ఆ వాకిలి దాటి ఇవతలికి నడిస్తే భూమి వస్తుంది.

నూకాలు ఊళ్ళోకల్లా పెద్ద గడ్డ ఎంచింది. ఊక దట్టంగా పరిచింది. గోనె చుట్టి, బిగించి, కొడుకు తలమీద పెట్టింది. గోనె అంచు వాడి నుదుటిదాకా దిగింది.

“ఒరే అయ్యా, దారిలో ఎవులు తియ్యమన్నా ఈ గోనె తియ్యకు. తెలిసిందేటి?”

“తెలిసిందే అమ్మా.”

వాడు నాలుగడుగులు వేశాడు. నూకాలు మళ్ళీ కేకేసింది.

“ఇంకో మాట. పెద్దోల్ల ముందు తల కప్పుకోని నిలబడకు. మనం చలిపాలెమోల్లం గానీ మర్యాద లేనోల్లం కాదు.”

“అలాగేలే అమ్మా,” అన్నాడు తవిటయ్య.

అమ్మలు ఇలాగే రెండు మాటలు చెబుతారు. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం వస్తాయని వాళ్ళకూ తోచదు, వినే పిల్లలకూ తోచదు. ఇద్దరూ సంతోషంగానే విడిపోయారు.

ప్రయాణం ఎన్నాళ్ళు పట్టిందని మాత్రం అడగకండి. అప్పట్లో కాలానికి తొందర ఉండేది కాదు. ఒక గుంట ఎండాలన్నా యుగాలు పట్టేది.

దారిలో గురుడు తగిలాడు. గ్రహాల్లో ఆయనంత ఒళ్ళు ఇంకెవరికీ లేదు. చుట్టూ చంద్రుళ్ళు శిష్యుల్లా తిరుగుతుంటారు. దారిన పోయేవాళ్ళను పిలిచి నాలుగు మంచి మాటలు చెప్పనిదే ఆయనకు తోచదు. ఆయన మాటల్లో పడి దారి తప్పినవాళ్ళున్నారు, ఆయన ఒళ్ళో పడి మళ్ళీ లేవనివాళ్ళూ ఉన్నారు.

“ఎక్కడికి నాయనా?” అన్నాడు గురుడు.

“సూర్యుడోరి వాకిట్లోంచి భూమికండి.”

“సూర్యుడి ముందుకా! మరి తలమీద ఆ గోనేమిటి? ఆయన ముందు తల కప్పుకుని నిలబడతావా? మీ అమ్మ ఏమీ చెప్పలేదూ?”

తవిటయ్యకు అప్పుడు తోచింది. “సెప్పిందండి. తియ్యొద్దనీ సెప్పింది, తియ్యమనీ సెప్పింది.”

“ఆఖరున ఏం చెప్పింది?”

“తల కప్పుకోవద్దని.”

“అయితే అదే ఖాయం. ముందు చెప్పినదాన్ని దిద్దడానికే కదా ఆఖరున చెబుతారు,” అన్నాడు గురుడు. ఆయనకు అనుమానాలు రావు. ఇతరులకు వచ్చినవి మాత్రం చిటికెలో తీర్చేస్తాడు.

సూర్యుడి వాకిట్లో బుధుడు కాపలా ఉంటాడు. ఒకచోట నిలబడి కాపలా కాయడం ఆయన వల్ల కాదు. సూర్యుడి చుట్టూ పరుగులు పెడుతూనే ఉంటాడు, పరుగులోనే మాట్లాడతాడు.

“ఎవరక్కడ! తలగుడ్డ తియ్యి!” అని అరుస్తూ అటు పోయాడు. “తీశావా లేదా!” అంటూ ఇటునుంచి వచ్చాడు.

తవిటయ్య తలెత్తి చూశాడు. ఆవగింజ అనుకున్నది ఆకాశమంత ఉంది. చిల్లు కాదు, పిల్లి కన్నూ కాదు. గబగబా గోనె విప్పి చంకలో పెట్టుకున్నాడు. గోనెతోపాటు ఊకంతా జలజలా రాలిపోయింది. బోడి మంచుగడ్డ తలమీద పెట్టుకుని, ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేత్తో దణ్ణం పెట్టాడు.

“ఎవరబ్బాయివి? ఏ ఊరు?” అన్నాడు సూర్యుడు.

“చలిపాలెం, బుగతా. నూకాలు కొడుకుని.” వాళ్ళ ఊళ్ళో పెద్దవాళ్ళెవరినైనా బుగతా అనే పిలుస్తారు.

సూర్యుడికి ఎంతో సంతోషమైంది. ఆయన్ను చూడ్డానికి ఎవరూ రారు. వచ్చినా ఎక్కువసేపు ఉండలేరు. పాపం, మాట్లాడే మనిషి కోసం ముఖం వాచి ఉన్నాడు. “కూర్చో, కూర్చో,” అని మొదలుపెట్టాడు. “నా చిన్నప్పుడు ఇక్కడ ఏమీ లేదబ్బాయ్. ఎటు చూసినా దుమ్మే. ఆ దుమ్మంతా తిరిగి, తిరిగి...”

సూర్యుడు మాట్లాడితే గాలి వీస్తుంది. ఆ గాలి పొయ్యిలోంచి వచ్చినట్టుంటుంది. మంచునీళ్ళు ముందు తవిటయ్య చెవి వెనకనుంచి కారాయి. తర్వాత మెడ మీదుగా, తర్వాత వీపంతా. ‘కరిగిపోతంది బుగతా’ అని చెబుదామనుకున్నాడు. పెద్దాయన మాటకు అడ్డు తగలడం ఎలా? ఆయన ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు నోరు తెరిచాడు.

“ఆ, ఎక్కడున్నాను?” అన్నాడు సూర్యుడు.

“దుమ్ము తిరగతందండి,” అని అందించాడు తవిటయ్య. ఇంకేం చేస్తాడు? సూర్యుడు మళ్ళీ అందుకున్నాడు.

గ్రహాలు ఒక్కొక్కటీ ఎలా పుట్టాయో ఆయన చెప్పడం పూర్తయ్యేసరికి తవిటయ్య చేతిలో గుప్పెడు మంచు మిగిలింది. సూర్యుడు అది గమనించనేలేదు. ఆయన ముందుకు ఏది వచ్చినా కరుగుతూనే ఉంటుంది. అన్నీ పుట్టడమే అలా పుడతాయని ఆయన అనుకుంటాడు.

తవిటయ్య పరుగు పరుగున భూమి దగ్గరికి వచ్చాడు. భూమి ఎండి, బీటలు వారి ఉంది. రాయి చెప్పిన గుంట అరచేయంత అయిపోయింది. దాని మధ్యలో నాచుపిల్ల ముడుచుకుని పడుకుంది. పచ్చగా ఉండాల్సిన పిల్ల పసుపురంగుకు తిరిగింది.

“నీళ్ళు తెచ్చావా అన్నా?” అంది భూమి.

తవిటయ్య గుప్పిట తెరిచాడు. గరిటెడు నీళ్ళు గుంటలో పడ్డాయి. నాచుపిల్ల గటగటా తాగింది. కాస్త ఒళ్ళు విరుచుకుంది.

“ఇంకా ఉన్నాయా మావయ్యా?”

వాడు తల దించుకున్నాడు. సిగ్గుతో ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంత దూరం మోసుకొచ్చింది ఎవరికోసమో వాళ్ళకు దక్కకుండా దారిలోనే పోగొట్టుకుని వచ్చాడు.

భూమి కోప్పడలేదు. “దీంతో ఇంకొన్నాళ్ళు ప్రాణం నిలుస్తుంది,” అంది. “మళ్ళీ వస్తావా? ఇదొక్కతే మిగిలింది నాకు.”

“వస్తాను,” అన్నాడు తవిటయ్య. అటు తిరిగి వెళ్ళిపోయాడు.

చలిపాలెంలో నూకాలు ఎదురొచ్చింది. కొడుకు చంకలో ఖాళీ గోనె చూడగానే ఆమెకు అర్థమైపోయింది.

“గోనె తీసినావేట్రా? తియ్యొద్దని సెప్పలేదా నీకు?”

“పెద్దోల్ల ముందు తల కప్పుకోవద్దని కూడా నువ్వే సెప్పినావు కదే!”

నూకాలు ఖాళీ గోనె చేతిలోకి తీసుకుంది. “అదీ నిజమే. నాను ఆయన్ని ఎప్పుడు సూసినాను? ఆవగింజంతోడనుకున్నాను.”

ఊరి పెద్దలు సంగతంతా విన్నారు. “ఇంక మానెయ్యి,” అన్నారు. “గోనె తీస్తే మంచు ఉండదు. ఉంచుకుంటే ఆయనకు కోపం. ఆయనకు కోపమొస్తే నువ్వే ఆవిరైపోతావు. ఎవరో ఊరూ పేరూ తెలియని నాచుకోసం నీకెందుకీ గొడవ?” ఈసారి వాళ్ళు చెప్పింది అబద్ధమేమీ కాదు. సూర్యుడు ఒక్కసారి గట్టిగా ఉఫ్ అంటే తవిటయ్య ఆనవాలు కూడా మిగలదు.

నూకాలుకు ఆ సంగతి అందరికన్నా బాగా తెలుసు.

“నాకూ నువ్వొక్కడివే రా,” అంది.

“అందుకే గదా ఆ తల్లి బాధ మనకు తెలుస్తంది,” అన్నాడు తవిటయ్య.

నూకాలు ఏడ్చింది. ఏడుస్తూనే ఊక పరిచింది. ఈసారి గడ్డ ఇంకా పెద్దది, ఊక ఇంకా దట్టం. కట్టడం అయ్యాక ఏమైనా చెబుతుందేమోనని తవిటయ్య ఆగాడు. ఆమె ఈసారి ఏమీ చెప్పలేదు.

దారిలో గురుడు పిలిచాడు. తవిటయ్య వినబడనట్టు దూరంగా జరిగి వెళ్ళిపోయాడు. ఈకాలం పిల్లలకు మర్యాద లేదని గురుడు ఇప్పటికీ తన చంద్రుళ్ళకు చెబుతుంటాడు.

వాకిట్లో బుధుడు చూశాడు. “తలగుడ్డ తియ్యి!” అంటూ అటు పోయాడు. “ఇంకా తియ్యలేదే!” అంటూ ఇటు వచ్చాడు.

తవిటయ్య రెండు చేతులతో గోనె అంచులు గట్టిగా పట్టుకున్నాడు. తియ్యలేదు.

సూర్యుడి ముఖం ఎర్రబడింది. “ఏమయ్యా, అప్పుడు తీసినవాడివి ఇప్పుడు తియ్యవేం? ఇంతలోకే నేను లోకువైపోయానా?”

ఆ మాటల వేడికే గోనె అంచు కమురుకంపు కొట్టింది. అయినా తవిటయ్య చెప్పాడు.

“బుగతా, ఇది తలగుడ్డ కాదు. ఓ పసిదాని నీల్లు. అప్పుడు మీ ముందు గోనె తీసినాను. మీరు మాటాడతా ఉంటే గడ్డంతా కరిగిపోనాది. ఆ పిల్లకు గరిటెడే మిగిలినాయి. ఈపాలి కరిగితే ఆ పిల్ల ఉండదు.”

బుధుడు పరుగు ఆపి నిలబడిపోయాడు. ఆయన ఆగడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

“కరిగిందా? నావల్లా?” అన్నాడు సూర్యుడు.

“మీవల్లే, బుగతా.”

ఆ మాట ఆయనతో ఎవరూ ఎప్పుడూ అనలేదు. మాట్లాడితే గాలి వీస్తుందని ఆయనకు అప్పుడే తెలిసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, “సరే, నేను అటు తిరిగి కూర్చుంటాను. నువ్వు దాటి వెళ్ళిపో,” అన్నాడు.

సూర్యుడు అటు తిరిగాడు. వేడి తగ్గలేదు. ఇంకా తిరిగాడు. ఇటునుంచి తిరిగి మొదటికి వచ్చాడు. ఎటు తిరిగినా వెలుగే, ఎటు తిరిగినా వేడే.

“నాకు వీపు లేదయ్యా,” అన్నాడు చిన్నబోయి. “ఎటు తిరిగినా ముఖమే.”

అంత పెద్దాయన అలా అనేసరికి తవిటయ్యకు జాలేసింది. ఎవరికీ కాస్తంత నీడ ఇవ్వలేకపోవడం కూడా కష్టమే.

“అదంతా సరే,” అన్నాడు బుధుడు. “మర్యాద మర్యాదే. ఇవాళ వీడు తల కప్పుకుని పోతే రేపు ప్రతివాడూ కప్పుకునే వస్తాడు. ఇంక ఈ వాకిలికి విలువేముంటుంది?”

ఆ మాటకు సూర్యుడు కూడా తలాడించాడు. మనసు మెత్తబడినా, పెద్దరికం వదులుకోవడం ఎవరికీ సులువు కాదు.

తవిటయ్య ఆలోచించాడు. తలమీది మూట దించి, వీపుకు కట్టుకున్నాడు.

“బుగతా, మీకు వీపు లేదు గానీ నాకుంది కదా! మూట నా వీపు మీద ఉంటాది. నా ముఖం మీకేసే ఉంటాది. మీ గాలి నాకు తగుల్తాది గానీ మూటకు తగలదు. గోనె తియ్యనందుకు బదులు, మీకు వీపు సూపించను. ఈ వాకిట్లోనే కాదు. మా ఊరు సేరేదాకా మీకేసి సూస్తా, ఎనక్కే నడుస్తాను. నానే కాదు, మా ఊరినుంచి ఎవులొచ్చినా ఇంతే.”

“చలిపాలెం దాకానా!” అన్నాడు సూర్యుడు. “వెనక్కా? పడతావురా!”

“పడితే లేస్తాను.”

బుధుడు వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. వాకిలి దాటేదాకా మర్యాద చేసేవాళ్ళను ఆయన చూశాడు. ఆకాశం చివరిదాకా చేస్తానన్నవాణ్ణి చూడలేదు.

“ఒక్క తలగుడ్డకు ఇది చాలా ఎక్కువే,” అని ఒప్పుకున్నాడు. మళ్ళీ పరుగు మొదలుపెట్టాడు.

సూర్యుడికి పట్టరాని సంతోషం కలిగింది. చెయ్యి అడ్డం పెట్టుకున్న సంగతి మరిచిపోయి ఫకాలున నవ్వాడు.

ఆ నవ్వుకు పెనుగాలి లేచింది. తవిటయ్య ముఖం మాడి నల్లబడింది. గాలి వాడి రెండు భుజాల పక్కనుంచి దూసుకుపోయింది. పోతూ పోతూ గోనె సందుల్లోంచి ఊక లాక్కుపోయింది. ఎంత బిగించినా గోనె గోనే కదా, సందులుంటాయి. ఊకతోపాటు కాస్త ఆవిరి కూడా బయటికి వచ్చింది. ఆ రెండూ సూర్యుడి వెలుగులో మెరుస్తూ తవిటయ్య వెనక బారులు తీరాయి.

“ఒరేయ్, నీకు తోక మొలిచింది!” అని బుధుడు అరిచాడు.

తవిటయ్య తల తిప్పి చూసుకోవడానికి లేదు. మాట ఇచ్చేశాడు. “ఉండనీండి బాబూ,” అన్నాడు. మూట చల్లగా వీపుకు తగులుతూనే ఉంది. వాడికి కావలసింది అదే.

వాడు సూర్యుడి చుట్టూ పక్క అడుగులు వేస్తూ వాకిలి దాటాడు. ఆ తర్వాత వెనకడుగులు వేస్తూ భూమి వైపు వచ్చాడు. భూమి వాణ్ణి దూరంనుంచే చూసింది. వీపు ఇటు పెట్టి వస్తున్నాడేమిటా అని ముందు ఆశ్చర్యపోయింది. సంగతి విన్నాక దారి చెప్పింది.

“ఇంకొంచెం ఇటు అన్నా. ఎడమకి. ఆ, అక్కడే.”

తవిటయ్య వీపు మీది ముడి విప్పాడు. మంచుగడ్డ దభాలున గుంటలో పడింది. కరిగింది. నీళ్ళు గుంట నిండి, గట్టు దాటి, పక్క పల్లంలోకి గలగలా పారాయి.

తవిటయ్యకు ఆ చప్పుడు వినిపించింది. నాచుపిల్ల కిలకిలా నవ్వడం వినిపించింది. “మావయ్యా, ఇటు చూడు! నేను ఈదుతున్నాను, చూడు!”

వాడి మెడ ఇటు లాగింది. ఒక్కసారి తిరిగితే చాలు. ఇంత దూరం వచ్చింది ఆ పిల్లను చూడ్డానికే కదా. కానీ ఎదురుగా సూర్యుడున్నాడు. తిరిగితే మాట పోతుంది. మాట పోతే ఇంకోసారి వాకిలి దాటనివ్వరు. దాటనివ్వకపోతే ఈ నీళ్ళు ఎండాక పిల్లకు మళ్ళీ నీళ్ళుండవు.

“మావయ్యా!”

“వింటన్నానమ్మా,” అన్నాడు తవిటయ్య సూర్యుడికేసి చూస్తూనే. “బాగా ఈదు.”

వాడు వెనకడుగు వేశాడు. భూమి పక్కనుంచి జరిగాడు. ఇంకో అడుగు వేశాడు. మనసంతా దుఃఖంతో నిండిపోయింది. చూడకుండానే వెళ్ళిపోతున్నాను కదా అనుకున్నాడు. ఇంకో అడుగు వేశాడు.

అప్పుడు భూమి వాడి ముందుకు వచ్చింది.

అంతవరకు వెనకున్న భూమి, వాడు దాటగానే ఎదురుగా నిలబడింది. వాడికీ సూర్యుడికీ మధ్య. తవిటయ్య సూర్యుడికేసే చూస్తున్నాడు, మాట తప్పలేదు. ఆ చూపులోనే భూమి ఉంది. భూమ్మీద నిండు గుంట ఉంది. గుంటలో పచ్చగా, గోరంత, నాచుపిల్ల ఈదుతోంది.

తవిటయ్యకు ఏడుపొచ్చింది. అలా ఏడుస్తూ, చూస్తూ, వెనక్కి నడిచాడు. గురుణ్ణి దాటినా భూమి కనిపిస్తూనే ఉంది. శనిని దాటినా కనిపించింది. చివరికి చలిపాలెం పొలిమేరలో ఆవగింజంత సూర్యుడు, ఆ పక్కన నలుసంత నీలం. ఇంటివైపు తిరిగి నడిచినవాడైతే భూమిని దాటగానే మరిచిపోయి, ఇంటి దారి చూసుకునేవాడు. వెనక్కి నడిచినవాడు మాత్రం ఇల్లు చేరేదాకా పిల్లను చూసుకుంటూ వెళ్ళాడు.

ఆ తర్వాత వాడు మళ్ళీ వచ్చాడు. మళ్ళీ మళ్ళీ వచ్చాడు. వాడి కబుర్లు విని ఊళ్ళో మిగతావాళ్ళు కూడా మూటలు కట్టారు. చిల్లు సిద్ధాంతం ఆయన, పిల్లి సిద్ధాంతం ఆయన కూడా బయలుదేరారని అంటారు. గుంట చెరువైంది, చెరువు సముద్రమైంది. నాచుపిల్లకు పిల్లలు పుట్టారు. వాళ్ళ పిల్లల పిల్లల్లో కొందరు చేపలయ్యారు, కొందరు చెట్లయ్యారు, కొందరు ఈ కథ వింటూ కూర్చున్నారు.

వినడం పూర్తయ్యాక ఒక మాట. శాస్త్రజ్ఞులు ఈమధ్య యంత్రాలు పంపి తోకచుక్కలను దగ్గరనుంచి చూశారు. పైన బొగ్గుకన్నా నల్లటి పొర, లోపల మంచు ఉందని తేల్చారు. దాన్ని వాళ్ళు ఊక అనరు, దుమ్ము అంటారు. అననివ్వండి. భూమ్మీది నీళ్ళలో తోకచుక్కలు తెచ్చినవెన్ని అన్నదానిమీద మాత్రం వాళ్ళ వాదన ఇంకా తెగలేదు. తోక కూడా జాగ్రత్తగా చూస్తే ఒకటి కాదు, రెండు కనిపిస్తాయి. కాస్త వంగినది ఊక, నిటారుగా నీలంగా ఉన్నది ఆవిరి. దారిలో రాలిన ఊక దారిలోనే ఉండిపోతుంది. ఏటా భూమి ఆ దారికి అడ్డం వెళ్ళినప్పుడు అది మీదపడి భగ్గున మండుతుంది. మీరు దాన్ని చూసి చుక్క రాలిందంటారు.

ఇంకో సంగతి చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. మన పెద్దలు చాలామంది తోకచుక్క కనిపిస్తే అరిష్టమని తలుపులు వేసుకున్నారు. నీళ్ళు మోసినవాణ్ణి చూసి పిల్లలను లోపలికి లాక్కున్నారు. మీరు అలా చెయ్యకండి. బయటికి రండి, చెయ్యి ఊపండి. వాడు చూస్తాడు.

అప్పటినుంచే తోకచుక్క తోక ఎప్పుడూ సూర్యుడికి అవతలి వైపే ఉంటుంది. వచ్చేటప్పుడు తోక వెనక వస్తుంది, వెళ్ళేటప్పుడు తోకే ముందు వెళ్తుంది. చుక్క మాత్రం మనకేసి చూసుకుంటూ, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోతుంది.